చిన్నబాపు ట్రాక్టర్‌లో నేను కడిగిన డీజిల్

ఆ రోజుల్లో తెలంగాణ వచ్చేదాకా ఆగే ఓపిక నాకుండేది గానీ, నా తెలివి నలుగురికీ తెలిసేదాకా ఆగే ఓపిక మాత్రం ఉండేది కాదు. ఎమ్మెస్సీలో నా ప్రాజెక్టు డీజిల్లోంచి గంధకం తీయడం. ఉద్యమంతో యూనివర్సిటీ మూతపడి కాటారం దగ్గరి మా ఊరికి వచ్చాను. రాస్తారోకోలకు జనాన్ని తీసుకెళ్లే మా చిన్నబాపు (నాన్న తమ్ముడు) ట్రాక్టరేమో ట్రాలీలో కూర్చున్నవాళ్లందరినీ పొగతో దగ్గించేది. గంధకం పోతే ఘాటు తగ్గుతుందని పుస్తకంలో ఉంది. ఇంకేం, (ఎవరూ అడక్కుండానే) ఆ బాధ్యత నెత్తినేసుకున్నాను.

పుండ్లు కడిగే పెరాక్సైడ్ మందుల దుకాణంలో కొనుక్కొచ్చి డీజిల్లో కలిపి, నీళ్లతో కడిగాను. ఆ నీళ్లు అడుక్కి దిగడానికి రెండు రోజులైనా ఆగాలి. తెల్లారితే రాస్తారోకో కదా, నేను ఒక్క పూటైనా ఆగకుండా, చిన్నబాపుకు చెప్పకుండా ట్యాంకులో పోసేశాను. ఊరు దాటగానే ట్రాక్టర్ రెండుసార్లు ఎక్కిళ్లు పెట్టి, మలుపులో రోడ్డుకు అడ్డంగా ఆగిపోయింది. వెనక బస్సులు నిలిచిపోయాయి. జనం అక్కడే దిగి నినాదాలు మొదలుపెట్టారు. రాస్తారోకో బ్రహ్మాండంగా జరిగింది. (గంధకం ఎంత పోయిందో ఇప్పటికీ తెలియదు.)

చిన్నబాపు మాత్రం, ముందురోజే ట్రాక్టర్ సర్వీసింగ్ చేసిన మెకానిక్‌ను పిలిపించాడు. చేతిలో ఎప్పుడూ పానా ఉంటుందని ఆయన్ను ఊరంతా పానా భాయి అనేది. చిన్నబాపు అందరిముందూ ఆయన్ను నానా మాటలన్నాడు. నేను మెల్లగా జనం వెనక్కి జరిగాను. పానా భాయి ఫిల్టర్ విప్పాడు, నీళ్లు కారాయి. ఒకసారి నా మొహం చూశాడు.

“తప్పు నాదే పటేలా. నీళ్లు చూసుకోలే,” అన్నాడు.

తర్వాత నన్ను పక్కకు పిలిచి, “సదువుకునే పిల్లగానివి, నీ మీద ఇంట్ల నమ్మకం పోవద్దు. నాకేంది, పటేల్ రేపు మల్ల పిలుస్తడు,” అన్నాడు.

చిన్నబాపు మళ్లీ పిలవలేదు. చిన్నబాపును చూసి ఊళ్లో ఇంకొందరూ పిలవడం మానేశారు. నేనేమో సిగ్గులేకుండా ఆ ప్రాజెక్టుకు మంచి మార్కులు తెచ్చుకుని, డీజిల్ శుద్ధి చేసే కంపెనీ ల్యాబులోనే ఉద్యోగంలో చేరాను.

మొదటిసారి సెలవు పెట్టి వచ్చినప్పుడు, అన్నాల దగ్గర చిన్నబాపుకు నిజం చెప్పేశాను. తిడతాడనుకున్నాను. ఆయన కంచంలో చెయ్యి అట్లాగే ఉంచి, “మూడేండ్లాయె. భాయి సలాం పెడితె సుత మొకం తిప్పుకున్న,” అన్నాడు. చెయ్యి కడుక్కుని, నన్ను బండి మీద ఎక్కించుకుని సీదా పానా భాయి షెడ్డుకు తీసుకుపోయాడు.

పానా భాయి ముగ్గురికీ చాయ్ తెప్పించాడు. నేను మాటల కోసం వెతుక్కుంటుంటే, “జర ఆగు, తాగినంక చెప్దువు. నీకు తొందరెక్కువ,” అన్నాడు. చిన్నబాపు ఆయన చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. ఆ రోజు తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది, తల మాత్రం కిందికే దిగుతుంది. మాఫ్ చెయ్యమని అడగాల్సిన నేను, ఆ మాటను చాయ్‌తోపాటే మింగేసి వచ్చాను.