గునపానికి గుచ్చిన మూడు రికార్డులు

మొన్న మా సంఘస్థులొకరు అరవయ్యేళ్ళు నిండిన సందర్భంగా దిండిలో, గోదావరి పాయ ఒడ్డునున్న రిసార్టులో కృతజ్ఞతా కూడిక పెట్టుకుని భోజనాలకి పిలిస్తే వెళ్ళాను. ప్రార్థన నాచేతే చేయించారు. ఆమెన్ అని కళ్ళు తెరిచి రొయ్యల వేపుడు కలుపుకున్నానో లేదో, గోడకున్న స్పీకరులోంచి సన్నగా ఒక ఇంగ్లీషు పాట మొదలైంది. పాడుతున్నది ఈ కాలపు అమ్మాయి, తోడుగా పియానో ఒక్కటే, అయినా రెండో చరణానికి నా ముద్ద కంచంలోనే ఉండిపోయింది. యాభై ఏళ్ళకి పైగా నేను వినని పాట అది. నేనే కాదు, మరొకరు కూడా వినకుండా చేసినవాణ్ణి నేను.

వడ్డిస్తున్నతన్ని అడిగితే ఫోను చూసి, అమెరికా వాళ్ళ పాత పాటల్ని కొత్తగా పాడిన ఆల్బమని చెప్పి, అదే పాట పాడినవాళ్ళ పేర్లు వేలితో జరుపుకుంటూ పోయాడు. అవి ఎంతకీ అయిపోలేదు. ఒకే పాటకి ఇన్ని గొంతులుంటాయని ఆ రోజుల్లో మా అక్కకి మూడు రికార్డులతోనే అర్థమైంది. ఆ అర్థమైన సంగతే ఆమె మెడకి నేను ఉచ్చుగా వేశాను.

అక్క అంటే మా పెదనాన్నగారి కూతురు. తల్లీ తండ్రీ పోతే మా ఇంట్లోనే పెరిగింది, నాకన్నా నాలుగేళ్ళు పెద్ద. మా ఊళ్ళో మిషను బంగళా ఉండేది, అందులో అమెరికా నుంచి వచ్చిన ఒక దొరసానిగారు ఉండేవారు. నా తరంవాళ్ళు ఇలాంటి దొరసానులని చూసే ఉంటారు, తెల్ల బట్టలు, గొడుగు, వచ్చీరాని తెలుగులో బైబిలు వాక్యం. ఆవిడ జబ్బుపడితే రెండేళ్ళు అక్క దగ్గరుండి చేసింది. ఆ రెండేళ్ళలోనూ ఆవిడ అక్కకి పియానో మెట్లు నేర్పారు, ఇంగ్లీషు నేర్పారు, చివరికి వాళ్ళ దేశం వెళ్ళిపోతూ బ్యాటరీలతో నడిచే రికార్డు ప్లేయరూ మూడు రికార్డులూ చేతిలో పెట్టి వెళ్ళారు.

ఆ మూడింటి మీదా బొమ్మలుండేవి. ఒకదాని మీద భుజాల మీద బట్ట లేని నల్లజాతి స్త్రీ, ఒకదాని మీద వేళ్ళ మధ్య సిగరెట్టుతో ఒక దొర, ఇంకోదాని మీద నాట్యమాడుతున్న జంట. అక్క మూడింటికీ బడి పుస్తకాలకి వేసినట్టు గోధుమరంగు కాగితంతో అట్టలు వేసింది. సాయంత్రం వంటపని అయ్యాక మా అరుగు మీద పెట్టి వినేది. మా పేటలో అప్పటికి తెల్లవాళ్ళ పాట అంటే కీర్తనే. వేరే రకం పాట కూడా వాళ్ళకుంటుందని ఎవరికీ తోచలేదు. అందుకని చేలో పని చేసి వచ్చేవాళ్ళు మా గోడ దగ్గర ఆగి తలగుడ్డ తీసేవారు, చెప్పులు విడిచేవారు, మా వీధి చివరి ముసలామె అయితే పాట అయ్యేదాకా తలవంచి నిలబడి, చివర్న ఆమెన్ అని వెళ్ళేది. అక్క ఒకటి రెండుసార్లు అసలు సంగతి చెప్పబోయింది. వాళ్ళ ముఖాలు చూసి మానేసింది.

మూడు రికార్డుల్లోనూ ఉమ్మడిగా ఒక పాట ఉండేది. కిటికీలో దీపం పెట్టుకుని రానివాళ్ళకోసం ఎదురుచూసే పాట. ఆ స్త్రీ దాన్ని ఊపిరి పీల్చుకోవడానికి కూడా ఆలోచించుకుంటున్నట్టు పాడేది. సిగరెట్టు దొర కబుర్లు చెప్పినట్టు పాడేసి తప్పుకుంటే పియానో ఎటో తిరిగి తిరిగి మళ్ళీ పాట దగ్గరకే వచ్చేది. మూడోదాంట్లో వయొలిన్లు పెళ్ళివారిలా వరసకట్టి వచ్చేవి. ఒక సాయంత్రం అక్క నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, "ఒరే తమ్ముడూ, మత్తయి చెప్పినట్టు మార్కు చెప్పలేదు, యోహాను అసలు వేరే దారిలో చెప్పేడు. ప్రభువు ఒక్కడే కదరా! పాటా అంతేరా. ఎవరి మనసులోంచి వస్తే వాళ్ళ సువార్త," అంది. నాకు అప్పుడు ఒళ్ళు జలదరించింది. తప్పని కాదు, నిజమని. ఆ నిజం నాకు తోచనందుకు లోపల ఎక్కడో మండింది కూడా.

అప్పటికి నేను ఇరవయ్యేళ్ళవాణ్ణి, కొత్తగా బడిలో మేష్టరుగా చేరాను, సండే స్కూలు బహుమతులన్నీ నావే, కంఠతా వాక్యం చెప్పడంలో నన్ను మించినవాడు లేడు. గుళ్ళో హార్మోనియం వాయించే పెద్దాయనకి చేతులు వణకడం మొదలైతే ఆ కుర్చీ నాదేనని నేనూ, మా నాన్నగారూ కూడా అనుకున్నాం. నాన్నగారు సంఘ పెద్దల్లో మొదటివారు.

ఆ ఏడు ఈస్టరు ఆరాధనలో అక్క ఒక పాట పాడింది. ఖాళీ సమాధి దగ్గర మగ్దలేనే మరియ ఏడుస్తూ నిలబడడం మీద మాటలు తనే కట్టుకుంది, రాగం ఆ ఎదురుచూసే పాటది. ఆ స్త్రీ పాడినట్టు కాదు, దొర పాడినట్టూ కాదు, నాలుగోరకంగా, మన గోదావరి గొంతుతో పాడింది. గుడి గుడంతా ఏడ్చింది. పాస్టరుగారు మళ్ళీ పాడమన్నారు, మళ్ళీ ఏడ్చారు. ఆరాధన అయ్యాక ఆయన నాన్నగారితో, హార్మోనియం అమ్మాయికే ఇద్దామండి, దేవుడిచ్చిన వరం కదా, అనడం నేను మెట్ల మీద నిలబడి విన్నాను.

అబద్ధ సాక్ష్యం పలకవద్దని ఆజ్ఞ. నేను పలికింది అబద్ధం కాదు. అదే నా పాపం.

మా సంఘంలో రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ప్రభు భోజనానికి ముందు శనివారం సిద్ధపాటు కూడిక ఉండేది. ఒకరిమీద ఒకరికి ఏదైనా ఉంటే అక్కడ చెప్పుకుని, సరిచేసుకుని, ఆదివారం భోజనంలో పాలుపొందాలి. నేను లేచాను. చంకలో ఆ మూడు రికార్డులూ ఉన్నాయి. అక్క ఇంకా నవ్వుతూనే ఉంది, నేను తన పాటని పొగడబోతున్నానని అనుకుంది. అందరి ముందూ ఒక్కొక్కదానికీ ఆ కాగితం అట్ట చింపాను. భుజాలు, సిగరెట్టు, నాట్యం. ఈస్టరునాడు మనం ఏడ్చింది ఈ పాటకని చెప్పాను, ఇవి సారా దుకాణాల్లో పాడే ప్రేమపాటలని చెప్పాను, ఇవి నాలుగు సువార్తల్లాంటివని అక్క నాతో అందని కూడా చెప్పాను.

మా వీధి చివరి ముసలామె లేచింది. "అయితే నేను ఇన్నాళ్ళూ ఆమెన్ అన్నది ఈ సిగరెట్టోడికా? ఏమే, మా ముఖాలు చూసి లోపల నవ్వుకున్నావా?"

ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వుతో అయిపోయింది. వాళ్ళు పాటని క్షమించేవారేమో, తాము తలగుడ్డలు తీసి నిలబడడాన్ని మాత్రం క్షమించలేకపోయారు.

"ఏమ్మా, నిజమేనా?" అన్నారు పాస్టరుగారు.

అక్క నావైపే చూస్తూ, "ఆయ్, నిజమేనండి," అంది. వివరం చెబితే గోడ దగ్గర తలవంచినవాళ్ళని ఇంకా నవ్వులపాలు చెయ్యాలి, అందుకే చెప్పలేదని ఇప్పుడు నాకు అనిపిస్తుంది.

ఆరు నెలలు ప్రభు భోజనానికి దూరం, చివరి బెంచీ మీద కూర్చోవాలి, రికార్డులు ధ్వంసం చెయ్యాలి అని తీర్మానించారు. అక్కడే గుడి ఆవరణలో విరవబోతే అవి విరగలేదు. వంగి మళ్ళీ తిన్నగా అయ్యాయి. నాన్నగారికి కోపం వచ్చింది. పక్కనే గుడి కొబ్బరికాయలు ఒలవడానికి నేలలో పాతిన ఇనప గునపం ఉంది. కాయని దానికేసి కొట్టి పీచు లాగినట్టే, ఆ మూడింటినీ నడిమధ్యన గుచ్చి కిందికి లాగమన్నారు. నాకే చెప్పారు. చేశాను. మూడోది గుచ్చేటప్పుడు చెయ్యి జారి చర్మం లేచిపోయింది, అక్క అలవాటుగా పమిట చెంగు పట్టుకుని కట్టు కట్టడానికి ఒక అడుగు వేసి, ఆగిపోయింది. చిల్లులు పడ్డ ఆ బిళ్ళల్ని పురికొసకి కట్టి గుడి పెరట్లో జామచెట్టుకి రామచిలకలు వాలకుండా వేలాడదీశారు. చివరి బెంచీ పక్క కిటికీలోంచి అవి కనపడేవి. గాలి వచ్చినప్పుడు తళతళమంటూ చప్పుడు లేకుండా తిరిగేవి.

హార్మోనియం నాకు వచ్చింది. నలభై ఏళ్ళు వాయించాను, పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు, ఒక్క స్వరం తప్పకుండా. విని ఏడ్చినవాళ్ళు ఎవరూ లేరు. ఆరు నెలలయ్యాక అక్కని మళ్ళీ చేర్చుకున్నారు. ఆమె ఏ ఆదివారం మానలేదు, కీర్తన పుస్తకం తెరిచి పట్టుకునేది, పెదవి మాత్రం కదిపేది కాదు. ఆ శనివారం నుంచి ఒరే అనడం కూడా మానేసింది. మేష్టారండి అనేది, మీరు అనేది. బయటివాళ్ళు విని, తమ్ముడంటే ఎంత మర్యాదో అని మెచ్చుకునేవారు. మన కోనసీమ మర్యాద ఎంత లోతుగా కోయగలదో నాకొక్కడికే తెలుసు.

దిండి నుంచి వచ్చిన మర్నాడు అల్లవరం వెళ్ళాను. మా బావగారు పోయాక అక్క అక్కడ కూతురి దగ్గర ఉంటోంది, ఆదివారాలు మాత్రం మా గుడికే వస్తుంది. వాకిట్లో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. ఫోనులో ఆ పాట పెట్టి పక్కన ఉంచాను. మొదటి చరణం అంతా తల ఎత్తలేదు. రెండో చరణంలో ఆ అమ్మాయి తప్పుకుని పియానో ఒక్కటీ తిరగడం మొదలెట్టేసరికి, చింతపండు అంటిన వేళ్ళు మోకాలి మీద మెల్లగా కదిలాయి, ఒక మెట్టు, మరో మెట్టు, ఎక్కడా తడబడకుండా. నేను చూస్తున్నానని గమనించి చెయ్యి చెంగు కింద దాచేసుకుంది.

"అక్కా, నన్ను క్షమించవే," అన్నాను.

"ఎప్పుడో క్షమించేనండి మేష్టారూ," అంది నెమ్మదిగా. "క్షమించకపోతే ప్రభు భోజనం ముట్టుకోవడానికి లేదు కదండీ. క్షమించమని వాక్యం ఉంది, క్షమించేను. మళ్ళీ పాడమని ఏ వాక్యం లేదు కదండీ. కాఫీ తాగుతారా?"

పాడమని వాక్యం ఉంది. కీర్తనల గ్రంథం నిండా ఉంది. అది ఆమెకీ తెలుసు, నాకు కంఠతా వచ్చు. కాఫీ తాగి వచ్చేశాను.

ఇప్పుడు మా గుళ్ళో కీబోర్డు, డ్రమ్ములు, చెవులు పగిలే సౌండు బాక్సులు. పిల్లలు ఏ పాట రాగం నచ్చితే దానికి ప్రభువు మాటలు కట్టుకుని పాడేస్తున్నారు, అది ఎక్కడ పుట్టిందని అడిగేవాళ్ళు లేరు. సిద్ధపాటు కూడిక ఎత్తేశారు, ఎవరినీ ఎవరూ నిలబెట్టరు. మంచిదే. కానీ వాళ్ళు చేతులెత్తి పాడుతుంటే మా అక్క ఇప్పటికీ పుస్తకం తెరుచుకుని పెదవి బిగించి నిలబడుతుంది, ముందు వరసలో పెద్దలకి వేసిన కుర్చీలో నేను కూర్చుని వెనక్కి తిరిగి చూడకుండా ఆ నిశ్శబ్దాన్ని వింటూ ఉంటాను. ఎంత సౌండు పెట్టినా అది నాకు వినిపిస్తూనే ఉంటుంది.