లాండ్రీ సందు దుబాసీ

ఇంట్లో ఆవిడను చిట్టి అంటారు. నలభై దాటి, మోకాళ్ళు పట్టేయడం మొదలయ్యాక కూడా అక్కకీ బావకీ ఆవిడ చిట్టే. ఊళ్ళో మాత్రం దుబాసీ గారు. పైదేశాల వాళ్ళు వచ్చి కూర్చునే ప్రతి మీటింగులోనూ వాళ్ళకీ మనవాళ్ళకీ మధ్య ఒక కుర్చీ వేస్తారే, ఆ కుర్చీ ఆవిడది.

ఆ పైదేశపు భాష ఆవిడకు ఏ కాలేజీలోనూ అబ్బలేదు. చిన్నప్పుడు ఉతికిన దుప్పట్ల మూటలు హోటళ్ళకు చేరవేసేది. మూట దించాక, సరిచూసుకునే మనిషి వచ్చేదాకా రిసెప్షన్ పక్కన నిలబడాలి. నిలబడ్డంతసేపూ చెవులు ఊరుకోవు కదా. వేడినీళ్ళు రావడం లేదని గొడవపడే అతిథులూ, టాక్సీ ఏదని అరిచే అతిథులూ, బిల్లు చూసి గుండె పట్టుకునే అతిథులూ ఆవిడకు పంతుళ్ళయ్యారు. అందుకే కోపంలో ఉన్నవాళ్ళ మాటలు చెప్పడంలో మా మరదలిని మించినవాళ్ళు లేరని బావ ఎగతాళి చేస్తాడు.

దుబాసీ పనికి ఒక పద్ధతి ఉంది. మాట్లాడే మనిషి "నేను" అంటే దుబాసీ కూడా "నేను" అనాలి. "ఆయన ఇలా అంటున్నారు" అనకూడదు. కొత్తలో ఒక ముసలాయన "నా పెళ్ళాం పోయాక నేనే వండుకుంటున్నా" అంటే, ఈవిడ తొణక్కుండా ఆ మాటే ఆ భాషలో తన మాటగా అనేసరికి గది గదంతా ఘొల్లుమంది. తన సొంత మాట ఏదైనా చెప్పుకోవాల్సి వస్తే మాత్రం చెయ్యెత్తి, "దుబాసీకి వినపడలేదు" అనో, "దుబాసీకి అర్థం కాలేదు" అనో, తన గురించి తానే ఎవరో పరాయి మనిషి గురించి చెప్పినట్టు చెప్పుకోవాలి. గదిలో పడ్డ మాట ఏదీ వదలకూడదు. గొణిగినా సరే. ఈవిడ ఏనాడూ వదల్లేదు.

ఇలా ఉండగా, ఊరి మురుగునీటికి కొత్త పంపింగ్ స్టేషన్ కట్టాలనుకున్నారు. దానికి అప్పిచ్చేది ఒక్కరు కాదు. రెండు అంతర్జాతీయ బ్యాంకులు, రెండు దేశాల ప్రభుత్వాలు కలిసి ఇస్తున్నాయి. నలుగురికీ నాలుగు రకాల నిబంధనలు. అన్నీ కలిపి కుట్టుకున్న ఒప్పందంలో ఒక షరతు ఉంది. ఈ పని వల్ల ఎవరి బతుకుతెరువైనా పోతుందంటే, సంతకాలకు ముందు నలుగురి ప్రతినిధులూ ఒకేచోట కూర్చుని, వాళ్ళు చెప్పేది వాళ్ళ నోటే వినాలి.

స్టేషన్‌కు ఎంచుకున్నది లాండ్రీ సందు వెనక ఖాళీ స్థలం. ఖాళీ అన్నది ప్రాజెక్టు ఆఫీసు మాట. ఒక్క ఇల్లూ పోదు కాబట్టి నష్టపోయేవాళ్ళెవరూ లేరని వాళ్ళు ముందే పైకి రాసి పంపారు. కానీ పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆసుపత్రుల దుప్పట్లూ హోటళ్ళ దుప్పట్లూ ఆరేది అక్కడే. సందులో ప్రతి పొయ్యీ వెలిగేది ఆ ఎండ మీదే. బదులుగా చూపించిన స్థలం ఎత్తైన గోడౌన్ల మధ్య ఉంది. అక్కడికి ఎండ చుట్టపుచూపుగా వచ్చి పోతుంది.

సందు వాళ్ళు అర్జీ పెట్టుకుంటే విచారణకు ఒప్పుకున్నారు. అక్కడ సందు తరఫున మాట్లాడటానికి అందరూ కలిసి అక్కను నిలబెట్టారు. మొగుడూ పెళ్ళాలు ఇద్దరూ నడిపే వాళ్ళ లాండ్రీ సందులోకెల్లా పాతది.

విచారణకు దుబాసీని మాట్లాడుకునేటప్పుడు ప్రాజెక్టు ఆఫీసు మేనేజరు అడిగాడు. "ఆ సందులో మీవాళ్ళెవరైనా ఉన్నారా అండీ? ఉంటే చెప్పండి, వేరేవాళ్ళని పెడతాం. ఆ వచ్చేవాళ్ళు ఇలాంటి విషయాల్లో చాలా పట్టింపు మనుషులు."

"ఎవరూ లేరండీ."

అనేసింది. ఊళ్ళో ఇంకొక్క దుబాసీ ఉన్నాడు. వెనకాల అందరూ ఆయన్ని కత్తెర అంటారు. ఒకసారి ఒక ముసలమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుని ఎంతో సేపు చెప్పుకున్న గోడును ఆయన ఒక్క ముక్కలో తేల్చి, రుమాలుతో మొహం తుడుచుకున్నాడు. అక్క మాట ఆ కత్తెర కింద పడటం ఈవిడ ఊహించుకోలేకపోయింది.

విచారణ ముందురోజు సాయంత్రం అక్క దగ్గరికి వెళ్ళింది. అక్క దిండు గలీబులు ఇస్త్రీ చేస్తోంది. గదంతా ఆవిరి.

"అక్కా, రేపు ఆ గదిలో నేను నీకేమీ కాను. గుర్తుందా?"

"ఏమీ కావా? నీ ముక్కు తుడిచిన చేతులే ఇవి."

"అదే వద్దంటున్నా. చిట్టీ అనొద్దు. ఏమే అనొద్దు. అసలు నా మొహమే చూడొద్దు. ఆ నలుగురినీ చూసి మాట్లాడు."

బావ మూట కడుతూ అందుకున్నాడు. "మీ అక్క నన్ను పాతికేళ్ళుగా పరాయివాడిలాగే చూస్తోంది కదమ్మా, నిన్ను ఒక్కపూట చూడలేదా?"

"నువ్వుండు బావా. బయటపడితే విచారణ చెల్లదంటారు. విచారణ పెట్టాం, చెల్లే సాక్ష్యం రాలేదు అని సంతకాలు పెట్టేసినా పెట్టేస్తారు. అప్పుడు స్థలం పోయినట్టే."

"మరి ముందే నిజం చెప్పొచ్చు కదే," అంది అక్క.

"చెబితే కత్తెరగారొచ్చి కూర్చుంటాడు."

అక్క ఇస్త్రీపెట్టె నిలబెట్టి, "సరేనమ్మా. నువ్వెవరో నాకు తెలీదు. మరి ఎవరో తెలీనిదానివి, నా ఇంట్లో టీ ఎందుకు తాగుతున్నావు?" అంది.

నవ్వుకున్నారు కానీ, ఈవిడ టీ సగంలోనే వదిలేసి లేచింది.

మర్నాడు గదిలో పొడుగాటి బల్ల, నలుగురు ప్రతినిధులు, ఒక్కొక్కరి ముందు ఒక నీళ్ళ సీసా. ఏసీ లోంచి కారే నీళ్ళకు ఎవరో బకెట్ పెట్టారు. మధ్యలో తెల్లజుట్టు ఆవిడ విచారణ నడిపిస్తోంది. ఆవిడ పక్కన కళ్ళజోడు ఆయన మాటిమాటికీ గడియారం చూసుకుంటున్నాడు, సాయంత్రం విమానం ఉందట. చివర్లో మేనేజరు. ఎదుటి బెంచీల మీద సందు జనం.

అక్క బాగానే మొదలుపెట్టింది. ఏ ఆసుపత్రి దుప్పట్లు ఎలా ఉంటాయో, ఎప్పటికల్లా తిరిగి ఇవ్వాలో చెప్పింది. ఒక్కసారి కూడా చెల్లెలి వైపు చూడలేదు. కళ్ళజోడు ఆయన ఆరబెట్టే యంత్రాలు కొనుక్కోకూడదా అని అడిగితే, "కొంటామండీ, అవి నడిచేటంత కరెంటు కూడా మీరే పంపితే," అంది. అది తర్జుమా అయ్యాక తెల్లజుట్టు ఆవిడ కూడా నవ్వింది. దుబాసీకి కాస్త ఊపిరి ఆడింది.

అప్పుడు కళ్ళజోడు ఆయన ఇంకో ప్రశ్న వేశాడు. "బదులు స్థలం కూడా అంత విస్తీర్ణమే కదా. మరి మీకు పోయేదేమిటి?"

పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ చూస్తున్న ఎండను వివరించి చెప్పమంటే ఎక్కడ మొదలుపెట్టాలో అక్కకు తెలియలేదు. చీరకొంగు వేలికి చుట్టుకుంది, విప్పింది. బెంచీల మీద ఎవరో గొంతు సవరించుకున్నారు. అక్క చటుక్కున ఇటు తిరిగింది.

"చిట్టీ, నువ్వు చెప్పవే. నాతోపాటు అక్కడే కదే పెరిగావు. ఎండ లేకపోతే దుప్పటి ఏమవుతుందో నీకు తెలీదా?"

ఆ మాట వదిలేస్తే ఎవరికి తెలుస్తుంది? గదిలో తను కాక రెండు భాషలూ వచ్చిన మనిషి మేనేజరు ఒక్కడే. ఆయన తన సీసా మూత తిప్పుకుంటూ కూర్చున్నాడు. దుబాసీ వదలాలనే అనుకుంది. కానీ ఇన్నేళ్ళ అలవాటు నోటిని ఆగనివ్వలేదు. మొత్తం చెప్పేసింది, చిట్టీ అన్న పిలుపుతో సహా.

తెల్లజుట్టు ఆవిడ నొసలు ముడిచింది. అక్కను చూసి ఒక ప్రశ్న అడిగింది. దాన్ని మళ్ళీ ఈవిడే తెలుగులో అడగాలి.

"మీరు ఎవరితో మాట్లాడుతున్నారు?"

"నన్ను మీరంటావేంటే?" అనేసి, అక్క నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

అదీ తర్జుమా అయింది. ఎలా అయిందో దుబాసీకే తెలియదు. అక్కకు అప్పటికి చేసిన పని అర్థమైంది. సర్దుకుని కూర్చుని, బల్ల వైపు తిరిగి నమ్మకంగా చెప్పింది. "ఎవరితోనూ కాదండీ. నాలో నేనే అనుకున్నా. వయసు మీద పడుతోంది, ఒక్కోసారి ఇలా మాట్లాడేస్తుంటా."

ఉన్నది ఉన్నట్టు చెప్పడమే దుబాసీ పని. చెప్పింది. "ఎవరితోనూ కాదు. నాలో నేనే అనుకున్నాను." అక్క ఆడిన అబద్ధం ఈవిడ నోట్లో తన సొంత అబద్ధమై కూర్చుంది.

తెల్లజుట్టు ఆవిడ తల ఊపింది. గండం గడిచినట్టే. సందు జనం కాళ్ళు కదుపుకున్నారు. కానీ దుబాసీ చూపు మేనేజరు మీద పడింది. ఆయన సీసా మూత బిగించి పక్కన పెట్టి, ఈవిడను చూసి చిన్నగా నవ్వాడు. విన్నది దాచుకుంటాడు. ఈ నలుగురూ విమానాలెక్కాక, అవసరం పడ్డ రోజున జేబులోంచి తీస్తాడు. అప్పుడు అక్క మాటే కాదు, సందు మొత్తం మాటా అబద్ధమైపోతుంది. సర్దిచెప్పడానికి ఈ గదీ ఉండదు, ఈ మనుషులూ ఉండరు.

చెయ్యెత్తింది.

"దుబాసీ ఒక మాట చెప్పుకోవాలి. ఆవిడ దుబాసీకి సొంత అక్క. ఇందాకటి మాట దుబాసీతో అన్నదే. ఆఫీసు అడిగినప్పుడు దుబాసీ ఆ సంగతి దాచింది."

అదే మాట తెలుగులోనూ చెప్పింది. బావ తల పట్టుకున్నాడు. అక్క, "ఎందుకే? సర్దేశాను కదే," అంది గొణుగుతూ.

దాన్ని తర్జుమా చేసేవాళ్ళు లేరు. ఈవిడను ఆ కుర్చీలోంచి లేపి బెంచీ మీద కూర్చోబెట్టారు. బల్ల అవతల నలుగురూ వాదులాడుకుంటున్నారు. మేనేజరు సాయం చెయ్యడానికి నోరు తెరవలేదు. అందాకా అందరి మాటా తెలుగులో విన్న సందు జనానికి ఇప్పుడు ఒక్క ముక్కా తెలియడం లేదు.

"ఏమంటున్నారే?" అక్క చెవిలో అడిగింది.

"ఒకాయన విచారణ రద్దంటున్నాడు. ఇంకొకాయన, మా నిబంధనల్లో బంధువు ఉన్నా తప్పు లేదంటున్నాడు. తెల్లజుట్టావిడ ఇంకో దుబాసీతో మళ్ళీ పెడదామంటోంది."

"మరి పెట్టమను."

"నలుగురూ ఉండాలక్కా. ముగ్గురితో చెల్లదు. ఆ కళ్ళజోడాయనకి విమానం ఉంది. నివేదిక చదివాం కదా, ఇళ్ళేమీ పోవట్లేదు కదా, ఇక ఎందుకు అంటున్నాడు."

అక్క ఆయన్ని కాసేపు చూసింది. "బట్టలు మాత్రం తెల్లగా ఉతికించుకుంటాడు," అంది.

తెల్లజుట్టు ఆవిడ ఎంతో సేపు ఆయనతో గొంతు తగ్గించి మాట్లాడింది. చివరికి ఆయన సంచీ జిప్పు బర్రున లాగి, ఫోన్ తీసుకుని ప్రయాణం మార్చుకోవడానికి బయటికి వెళ్ళాడు. ఆ రోజు విన్నదంతా లెక్కలోకి రాదని, మర్నాడు మొదటి నుంచి చెప్పాలని తీర్మానించారు.

ఆ రాత్రి సందులో ఈవిడతో ఎవరూ సరిగ్గా మాట్లాడలేదు. కత్తెరగారే వస్తాడని అందరి భయం. మర్నాడు పక్క ఊరి నుంచి వచ్చింది జలుబు చేసిన ఒక బక్కపల్చటి అమ్మాయి. పిల్ల ముక్కు చీదుకునే లోపు సగం మాటలు పోతాయని ఈవిడ అనుకుంది.

పోలేదు. అక్క "ఎండ తగలకపోతే ముక్క వాసన కొడుతుందండీ" అనగానే ఆ అమ్మాయి చెయ్యెత్తి, ఆ వాసన ఎలాంటిదని అడిగింది.

అక్కకు ఆసరాగా చూడటానికి ఎవరూ లేరు. తనే వెతుక్కుంది. "ఆరీ ఆరని బట్ట మడతపెడితే వచ్చేది. గోడకి బూజు పట్టినప్పుడు వచ్చే వాసనలాంటిది. ఆసుపత్రి వాళ్ళు ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, మొత్తం మూట వెనక్కి పంపేస్తారు. రెండుసార్లు పంపారంటే మూడోసారి బట్టలు మనకి ఇవ్వరు."

ఆ కుర్చీలో తానుంటే అడిగేది కాదు. అక్క మాట తనకు తెలుసు కాబట్టి, చెడ్డ వాసన అని చెప్పి ముందుకెళ్ళేది. బెంచీ మీద కూర్చుని ఈవిడ ఆ సంగతి తెలుసుకుని తల దించుకుంది.

కళ్ళజోడు ఆయన అంతా విని, రెండు స్థలాల్లోనూ తడి దుప్పట్లు వెయ్యండి, భోజనాలయ్యాక వచ్చి చూస్తాం అన్నాడు. వేశారు. వేసిన కాసేపటికే మబ్బు పట్టింది. సందు సందంతా ఆకాశం వైపు చూస్తూ నిలబడింది. ఎండే లేకపోతే రెండు దుప్పట్లూ ఒకేలా తడిగా ఉంటాయి. అప్పుడు చెప్పిందంతా గాలికి పోయినట్టే. బావ కూడా ఆ పూట ఒక్క ఎగతాళీ చెయ్యలేదు.

వాళ్ళు వచ్చేసరికి మబ్బు ఇంకా తొలగలేదు. కానీ సందు వెనక స్థలంలో గాలి ఆడుతూనే ఉంది, అక్కడి దుప్పటి తెరచాపలా ఎగురుతోంది. గోడౌన్ల మధ్య దుప్పటి వేసినచోట వేసినట్టే వేలాడుతోంది. కళ్ళజోడు ఆయన దాని అంచు పిండి చూసి, అరచెయ్యి ప్యాంటుకు తుడుచుకున్నాడు. మిగతా ముగ్గురితో ఏదో అన్నాడు.

ఈవిడకు అర్థమైంది. అక్క ఈవిడ మొహంలోకే చూస్తోంది. చెప్పడానికి ఈవిడకు హక్కు లేదు, నేల చూపులు చూసింది. ఆ అమ్మాయి ఒకసారి తుమ్మి, అప్పుడు చెప్పింది. "ఎండా గాలీ ఉన్న వేరే స్థలం చూపించేదాకా మేం నలుగురం సంతకం పెట్టం."

మేనేజరు వెళ్తూ వెళ్తూ ఈవిడ పక్కన ఆగాడు. "ఇక మా ఆఫీసు నుంచి మీకు పిలుపు రాదు, తెలుసుగా?"

"తెలుసండీ."

కార్లు కదిలాయి. అక్క దగ్గరకొచ్చింది. "అంటే ఈ స్థలం మనకి ఉండిపోయినట్టేనా?"

"ఆగిందక్కా, అంతే. ఇంకో స్థలం చూపిస్తారు. మళ్ళీ నలుగురూ కూర్చుంటారు."

"మళ్ళీ నేనేనా మాట్లాడేది?"

"నువ్వే."

అక్క నిట్టూర్చింది. అంతలో మొదటి చినుకులు పడ్డాయి. "సర్లే, ఆ కొస పట్టుకో," అని దుప్పటి లాగింది. ఇద్దరూ చెరో కొసా పట్టుకుని, మడతలు వేస్తూ ఒకరికొకరు దగ్గరగా నడిచారు.