హెల్మి గొంతు, పదడుగుల తీగ

హెల్మి లేటో ముప్పయ్యొక్క ఏళ్లు బడి వంటగదిలో పనిచేసింది. పిల్లల గోల మీదుగా వినపడేలా కేకలు వేసి వేసి ఆమె గొంతు అలాగే స్థిరపడిపోయింది. గుట్టుగా చెప్పిన మాట కూడా పక్కింటికి చేరేది. అలాంటి మనిషికి కూడా చివరికి రేడియో కావలసి వచ్చిందంటే మా పేట ఎంత ఖాళీ అయిపోయిందో చూడండి.

మా పేటను నాలుగో నంబరు అంటారు. రాగి గని నాలుగో బావి పక్కన కంపెనీ కట్టించిన ఇళ్లు ఇవి. గని మూసి యాభై ఏళ్లు దాటింది. తర్వాత బడి పోయింది, ఆ తర్వాత ఊళ్లోని రేడియో స్టేషన్ పోయింది. ఇక మిగిలింది ముసలివాళ్లమూ, ఏప్రిల్ వచ్చినా కదలని మంచూ.

చివరి వీధిలో ఆర్వో ఒక్కడే ఉంటాడు. గనిలో పనిచేసినవాడు. రెండేళ్లుగా అతనికి కళ్లు సరిగా కనపడవు. ఎవరు పోయారో, ఎవరింట కాఫీకి పిలుపు ఉందో పేపరులో చదువుకోలేడు. రోజూ వెళ్లి చదివి పెడదామంటే హెల్మి మోకాళ్లు ఆ మంచులో అంతదూరం సాగవు. అందుకని రేడియో పెట్టమని నా ప్రాణం తీసింది. నేను నలభై ఏళ్లు రేడియోలు, టీవీలు బాగుచేసినవాణ్ని. కాదనడానికి నా దగ్గర సాకు లేదు.

ఇరుగుపొరుగుకి వినపడేంత చిన్న రేడియో స్టేషన్‌కి లైసెన్సు అక్కర్లేదు. కాకపోతే రూళ్లు ఉన్నాయి. ప్రసారం చేసే పెట్టెకి వాట్‌లో పదోవంతు శక్తి మించకూడదు. నిలబెట్టిన ఏరియల్, దానికి పోయే తీగ, భూమిలోకి దిగే తీగ, మూడూ కలిపి మూడు మీటర్లు దాటకూడదు. అంటే పదడుగులకు రెండంగుళాలు తక్కువ. మనం ఎవరి ప్రసారానికీ అడ్డు రాకూడదు, మనకు ఎవరు అడ్డొచ్చినా కిమ్మనకూడదు. ఈ చివరిది చదివినప్పుడు హెల్మి కళ్లజోడు తీసి పక్కన పెట్టింది.

“ఇది రేడియో రూలేంటి క్లైడ్, నా కాపురం మొత్తం ఇలాగే గడిచింది” అంది నాతో.

పెరట్లో పెట్టి చూశాం. కింద అంతా రాయి, తీగకి మట్టి దొరకదు. ఆమె గొంతు మూడు వీధులు దాటలేదు. ఆర్వోది ఆరో వీధి. అప్పుడు నేను తెలివితేటలు చూపించాను. పెట్టెను యూనియన్ హాలు కప్పు మీదికి ఎక్కించి, అక్కణ్నించి ఒక తీగ కిందికి దించి భూమిలో పాతాను. భూమిలోకి పోయేది ఏం పలుకుతుందిలే, అది లెక్కలోకి రాదులే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. రూలు చదివీ ఆ పని చేశాను. నా వృత్తిలో ఉన్నవాళ్లందరూ ఒకసారైనా చేసే పొరపాటే ఇది. గొంతును దూరం మోసేది అసలు ఆ తీగే.

ఆ శీతాకాలమంతా హెల్మి ఉదయం ఎనిమిదింటికి చావులు, పుట్టినరోజులు, తప్పిపోయిన కుక్కలు, చర్చిలో భోజనానికి ఏం వండుతున్నారో చదివేది. ఆర్వో ఫోన్ చేసి ఆమె ఉచ్చారణ మీద వెటకారాలు ఆడేవాడు. ఆమె మర్నాడు రేడియోలోనే బదులిచ్చేది. వాళ్లిద్దరూ అంత హుషారుగా ఉండగా నేను అదివరకు చూడలేదు.

మా కొంప ముంచింది ఒక మెచ్చుకోలు. మూడు మైళ్ల అవతల కారులో వెళ్తూ హెల్మి వార్తలు విన్న ఆసామి ఎవరో పేపరుకి ఉత్తరం రాశాడు. నెల తిరక్కుండా ప్రభుత్వం తరఫున ఒకాయన కొలిచే టేపు పట్టుకుని వచ్చాడు. మర్యాదస్తుడు. హెల్మి ఇచ్చిన కాఫీ తాగాడు, ఏలకుల రొట్టె రెండు ముక్కలు తిన్నాడు. ఆ తర్వాత తీగ కొలిచాడు. ముప్పయ్యారు అడుగులు.

“ఇది కూడా ఏరియలేనండీ, మీకు తెలియంది కాదు” అన్నాడు నాతో. తెలుసు కాబట్టే తల ఎత్తలేకపోయాను.

పెట్టెను మళ్లీ హెల్మి పెరట్లోకి దించాను. తీగ పదడుగుల లోపుకి కత్తిరించాను. ఆర్వోకి అందకపోతే ఇక ఆపేస్తానని ముందే అంది హెల్మి. మర్నాడు వార్తలు కాగానే ఫోన్ చేసి వినపడిందా అని అడిగింది. గంట కొట్టినట్టు వినపడిందన్నాడు. ఏం చెప్పానో చెప్పమంటే, ఎప్పుడూ చెప్పే సోదేగా అన్నాడు. ఆమె నవ్వుకుంది. నాకు నవ్వు రాలేదు. మూడు వీధులు దాటని గొంతు ఆరో వీధికి ఎలా చేరింది? కారు రేడియో పెట్టుకుని ఒక్కసారి అటు వెళ్తే తేలిపోయేది. వెళ్లలేదు. అందలేదని తేలితే మళ్లీ ఏదో ఒకటి చెయ్యాలి, ఏదీ చేసే ఓపిక నాకు లేదు.

అక్టోబరులో సులో పోయాడు. గనిలో పదకొండేళ్లు ఆర్వోకి జతగాడు. ఒకే దీపం వెలుతురులో ఇద్దరూ పనిచేశారు. హెల్మి ఆ కబురు మూడు రోజులు వరసగా చదివింది. అంత్యక్రియలు శనివారం పదకొండింటికి, ఆర్వోకి కారు కావాలంటే క్లైడ్‌కి ఫోన్ చెయ్యాలి అని కూడా చెప్పింది. రేడియోలో చెప్పాక వేరే కబురెందుకని సులో కూతురు ఊరుకుంది. మా దగ్గర శవపేటిక ముందు ఎడమ పిడి గని జతగాడు కుడిచేత్తో పట్టాలి. శనివారం ఆ పిడి దగ్గర చోటు వదిలి ఇరవై నిమిషాలు ఆగాం. ఒంట్లో బాగాలేదేమో అన్నారు, మొండికేశాడేమో అన్నారు. చివరికి పాస్టరు నా వైపు చూస్తే వెళ్లి నేను పట్టుకున్నాను.

ఆదివారం పొద్దున ప్రసారం మానేసి హెల్మి నా కారెక్కింది. దారంతా ఆర్వోను తిట్టింది. తలుపు తీసి ఉంది. లోపల ఆర్వో కాలర్ గుండీ పెట్టుకుని, తల దువ్వుకుని రేడియో ముందు కూర్చున్నాడు. రేడియోలో ఉత్త బర్‌మనే చప్పుడు, దాన్నే చెవిపెట్టి వింటున్నాడు. ఎనిమిదీ అయిదయింది.

హెల్మి గుమ్మంలోనే ఆగింది.

“ఎన్నాళ్లనించి?” అంది.

“నువ్విక్కడ ఉన్నావేంటి, రేడియోలో ఉండాలిగా ఇప్పుడు” అన్నాడు ఆర్వో గొంతు గుర్తుపట్టి.

“ఎన్నాళ్లనించి వినపడట్లేదు రా వెర్రివాడా?”

“తీగ కోసినప్పట్నించీ. వినపడట్లేదంటే ఆపేస్తానన్నావుగా. ఆపేస్తే నువ్వేం చేస్తావు పొద్దున్నే లేచి?” అన్నాడు. “ఎనిమిదికి నువ్వు మాట్లాడుతుంటావని తెలుసు. నాకు అది చాలు.”

ఆమె రేడియో కట్టేసింది. కుర్చీ దగ్గరికి లాక్కుని, కోటు జేబులోంచి శుక్రవారం చదివిన కాగితమే తీసింది. రేడియోలో చదివినట్టే పేరు, వయసు, బావి నంబరు, చర్చి, వేళ చదివింది. శనివారం అన్న దగ్గర ఆగింది.

“శనివారం అంటే నిన్న” అన్నాడు ఆర్వో.

“నిన్న.”

అతను నా వైపు తిరిగాడు. నేనున్నానని అడుగుల చప్పుడుతోనే తెలిసి ఉంటుంది.

“ఎడమ పిడి ఎవరు పట్టుకున్నారు?”

“నేనే” అన్నాను. పేటిక బరువుగా ఉందా అని అడుగుతాడనుకున్నాను. అడగలేదు. కుడిచెయ్యి మోకాలి మీద పెట్టుకుని, వేళ్లు ముడిచి, పిడి పట్టుకున్నట్టే కూర్చున్నాడు.

హెల్మి కాగితం మడవలేదు. కింద ఇంకా రెండు పుట్టినరోజులూ, ఒక కుక్కా ఉన్నాయి. అవి కూడా చదివింది.