నడి ఎండలో తెల్లచొక్కాలు

మేడ్చల్‌లో నా స్టూడియో మూసెయ్యడానికి రెండేళ్ల ముందు, ఏప్రిల్ నెలలో, ఒక కొత్త బట్టల దుకాణానికి చీరల ఫొటోలు తీసే పని ఒప్పుకున్నాను. చోటు శామీర్‌పేట చెరువు గట్టు. సమయం మిట్టమధ్యాహ్నం. ఆ సమయం పెట్టింది నేను కాదు, అలియాబాద్‌లో ముహూర్తాలు పెట్టే అయ్యగారు.

దుకాణం స్వరూపది. అలియాబాద్‌లో భూములున్న ఇంటి కోడలు. హైవే పక్కన వాళ్లకు ఒకే ఒక్క షటర్ గది ఖాళీగా ఉంది. అందులో ప్లాట్లు అమ్మే ఆఫీసు పెట్టుకుంటానని భర్త తిరుమల్‌రెడ్డి, చీరలు అమ్ముతానని స్వరూప. చివరికి ఇద్దరి మధ్యా ఒక ఒప్పందం కుదిరింది. ప్రారంభానికి కట్టే ఫ్లెక్సీలో ఫొటో సిటీ షాపుల ఫొటోలకు తీసిపోకుండా వస్తే షటర్ ఆమెది, లేకపోతే ఆయనది. తీర్పు చెప్పేది మాత్రం ఆయనే.

"అక్కా, గీ ఫొటో ఖరాబైతే నేను మళ్ల వంటింట్లనే," అని స్వరూప ఫోన్లో అంది. నాకు ఒళ్లు మండింది. ఒక ఆడపిల్ల బతుకుతెరువుకు నా కెమెరాతో పరీక్ష పెట్టడమేమిటి?

ఆరుబయట ఇలాంటి ఫొటోలకు పొద్దునపూట గానీ సాయంత్రం గానీ మంచిది. సూర్యుడు నడినెత్తిన ఉంటే కళ్ల కిందా ముక్కు కిందా నల్లటి నీడలు పడతాయి. జరీ అంచు తెల్లగా మాడిపోతుంది, పోగులు కనిపించవు. ఈ సంగతంతా వివరించి సాయంత్రం తీద్దామంటే స్వరూప అత్తగారు ససేమిరా అన్నారు. "అయ్యగారు పెట్టిన గడియ ఇడిసిపెట్టి, నువ్వు చెప్పిన గడియల తీస్తమా బిడ్డా?" అని అడిగారు. మిట్టమధ్యాహ్నానికే కెమెరా సర్దుకున్నాను.

చీర కట్టుకున్నది స్వరూప స్నేహితురాలు మెర్సీ. జీడిమెట్లలో ఒక మందుల కంపెనీలో ప్యాకింగ్ సెక్షన్ చూసుకుంటుంది. చర్చిలో ముందు వరుసలో నిలబడి పాడే పిల్ల కాబట్టి నలుగురిలో బెదరదు. ఎండకు మాత్రం కళ్లు చికిలించింది. ముహూర్తానికి తీసిన మొదటి ఫొటోలో ఎవరితోనో తగాదాకు దిగినట్టు వచ్చింది.

చెట్టు కింద నిలబెట్టాను. ఆకుల సందుల్లోంచి పడిన ఎండ ముఖమంతా మచ్చలు చేసింది. పలచటి చెట్టునీడ ఎర్రటి ఎండకన్నా అన్యాయం. ఇంతలో అత్తగారు టెంట్‌హౌస్ నుంచి షామియానా తెప్పించారు. ఎరుపు, పసుపు గుడ్డలు కలిపి కుట్టినది. ఆ రంగులన్నీ మెర్సీ ముఖం మీదికి దిగాయి. కెమెరా వెనక తెరలో చూసుకుని, "అక్కా, నాకు కామెర్లు వచ్చినట్టున్నయ్ గద," అంది మెర్సీ.

ఇక నాకు తెలిసిన పద్ధతి ఒకటే మిగిలింది. మనిషిని సూర్యుడికి వీపు పెట్టి నిలబెట్టాలి. జుట్టు అంచు మెరుస్తుంది, కళ్లు హాయిగా తెరుచుకుంటాయి. అయితే ముఖం చీకటి పడుతుంది గనక, ఎదురుగా తెల్లటిది ఏదైనా పెట్టి ఎండను ముఖం మీదికి తిప్పాలి. దానికని పెద్ద థర్మోకోల్ షీటు తెచ్చుకున్నాను. ఒక్క గాలి విసురుకు అది ఎగిరి చెరువులో పడింది. స్వరూప ముఖం చూడలేకపోయాను.

అప్పుడే తిరుమల్‌రెడ్డి తన మనుషులతో దిగాడు. సర్పంచ్ పదవికి నిలబడాలని చూస్తున్నాడు, దాదాపు అందరివీ గంజి పెట్టిన తెల్ల చొక్కాలే. మా వైపు ఏ ఫ్లెక్సీ అయినా నాయకుల బొమ్మలు లేకుండా ఉండదు. కాబట్టి చీరల ఫ్లెక్సీలో తనూ ఉండాలని, చేతులు జోడించి నేరుగా మెర్సీ ముందుకొచ్చి నిలబడ్డాడు. కసురుకుందామని నోరు తెరిచాను. మెర్సీ ముఖం చూసి ఆగిపోయాను. ఆయన చొక్కా మీద పడిన ఎండ తిరిగి ఆమె ముఖం మీద పడి, నీడలన్నీ పోయాయి.

"రెడ్డిగారూ, మీరు ఇక్కడే ఉండాలి. మెర్సీ వైపు తిరిగి కొంచెం కిందికి కూర్చోండి," అన్నాను.

"ఫొటోల నేను కనవడతనా మేడం?"

"మీరు లేకపోతే ఫొటోనే లేదు," అన్నాను. అది అబద్ధం కాదు.

ఆయన్ను మెర్సీకి ఎదురుగా గొంతుకూర్చోబెట్టి, మిగతావాళ్లను ఆయన వెనక నిలబెట్టి, వాళ్ల మధ్య సందులోంచి తీశాను. గళ్ల చొక్కా వేసుకొచ్చిన ఒకాయన్ను మంచినీళ్లకు పంపేశాను, ఆ రంగు ముఖం మీదికి రాకుండా. వెలుగు కొలత చీర మీద కాకుండా ముఖం మీద చూసుకుని, జరీ కోసం ఒక్క పిసరు తగ్గించాను. చొక్కాల మెరుపుకు మళ్లీ చికిలించకుండా, కళ్లు మూసుకుని నేను చెప్పినప్పుడే తెరవమన్నాను మెర్సీని.

"మేడం, మోకాళ్లు వట్టుకపోయినయ్. ఇంకెంతసేపు?" అన్నాడు తిరుమల్‌రెడ్డి. ఆయన ఒంగినప్పుడల్లా మెర్సీ గడ్డం కింద నలుపు దిగేది, నేను అరిచేదాన్ని. మొగుడు ఒకరు చెప్పినచోట కదలకుండా కూర్చోవడం స్వరూప ఎన్నడూ చూడలేదట. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

కారులో కూర్చుని లాప్‌టాప్‌లో చూపించాను. ముఖం మెత్తటి వెలుగులో ఉంది, జరీ పోగు పోగూ కనబడుతోంది. తిరుమల్‌రెడ్డి తెర మీదికి వంగి వెతికాడు. "నేనేడున్న?" అని మాత్రం అడిగాడు. మెర్సీ కన్ను పెద్దది చేసి చూపించాను. నల్లగుడ్డులో తెల్లటి వరుస, దాని ముందు చేతులు జోడించి ఆయన.

తన మనుషులందర్నీ పిలిచి చూపించాడు. ఆ తర్వాత స్వరూప వైపు తిరిగి, "షటర్ నీదే తీయ్. గని ఫ్లెక్సీ పెద్దగ కొట్టియ్యి, నేను కనవడాలె," అన్నాడు.

ఆనాటి పని నాకు రెండు విషయాలు నేర్పింది. నడి ఎండలో నీడ కోసం వెతుక్కోకుండా, వెలుగును ముఖం వైపు తిప్పుకోవాలి. ఫొటోలో పడతామని వచ్చేవాళ్లను తరిమెయ్యకూడదు, ఏ రంగు చొక్కా వేసుకున్నారో చూసి పని అప్పగించాలి.