కోటిలింగం బాబాయి కారు లెక్క

కోటిలింగం బాబాయి ముందు ఎవరూ ధర చెప్పకూడదు. చెబితే, "అది కొన్న ధర. అసలు ఖర్చు ఎంతవుద్ది?" అంటాడు. నరసరావుపేటలో మా చెప్పుల కొట్టు పక్కనే ఆయన బట్టల కొట్టు. ఒకసారి వంకాయలు చవగ్గా దొరికాయని నోరు జారాను. గుత్తివంకాయకి పట్టే నూనె, గ్యాసు, తిన్నాక వేసుకునే అరుగుదల మాత్ర అన్నీ కలిపి, హోటల్లో తినడమే మేలని తేల్చాడు.

అలాంటి మనిషి దగ్గరికి జోయెల్ మాస్టారు తనంతట తానే వెళ్ళాడు. మా వీధే. నకరికల్లులో టీచరు.

"కారు కొందామనుకుంటున్నా బాబాయ్. పెట్రోలుదా, కరెంటుదా?"

బాబాయి కొట్టు తలుపు దగ్గరగా వేసి కూర్చున్నాడు. బేరం పోయినా ఫర్వాలేదన్నమాట.

షోరూముకి నేనూ వెళ్ళాను. "పెట్రోలు ఖర్చే ఉండదు సార్" అన్నాడు సేల్సు ఆయన.

"బ్యాటరీ పోతే?" అన్నాడు బాబాయి.

"ఎనిమిదేళ్ళు వారంటీ సార్."

"తొమ్మిదో ఏడు కారు నీకిచ్చి మేం నడిచిపోవాలా?"

పెట్రోలు కార్ల దగ్గర ఆయిలు, ఫిల్టరు, క్లచ్చి ప్లేట్ల గురించి అడిగి అడిగి సేల్సు వాళ్ళకి నీరసం తెప్పించాడు. ప్రతిచోటా టెస్ట్ డ్రైవు కావాలనేవాడు. జోయెల్ వాళ్ళమ్మ పిచ్చమ్మనీ ఎక్కించేవాడు. "పెద్దామె మాట కూడా వినాలిగా" అనేవాడు. పెట్రోలు కారైతే ఊరు దాటకముందే ఆమె దిగిపోయేది.

చివరికి "కరెంటుదే కొను" అని తేల్చాడు.

జోయెల్ తెల్లబోయాడు. "చానా తిరిగితేనే అది గిట్టుబాటవుద్దని మీరే అన్నారుగా? నేను తిరిగేది బడికే. పైగా మా ఇంటి ఓనరు చార్జింగు పెట్టుకోనివ్వడు."

"మా గోడౌను గోడకి పాయింటు పెట్టిస్తా. నీ ఒక్కడికైతే పెట్రోలుదే చవక. మరి మీ అమ్మని లెక్కలో ఏశావా? పెట్రోలు వాసనకి ఆమెకి వాంతులు. అంత దూరాన విజయపురి సౌత్‌లో ఉన్న చెల్లెలికి నా కొట్లో చీర కొని, ఎవరో ఒకరి చేత పంపుద్దిగానీ, తను పోలేదు. అన్ని కార్లూ ఎందుకెక్కించాననుకున్నావు? కరెంటు కారులో కునుకు తీసింది."

మర్నాడే జోయెల్ కరెంటు కారుకి డబ్బు కట్టాడు.

కారొచ్చాక ఒక ఆదివారం, ప్రార్థన అవగానే జోయెల్, భార్య షెర్లీ, కూతురు, పిచ్చమ్మ, బాబాయి విజయపురి సౌత్‌కి బయల్దేరి వెళ్ళారు. పొద్దుగూకే వేళకి కారు మా వీధిలోకి వచ్చింది. వెనక సీట్లో పిచ్చమ్మా, ఆమె చెల్లెలూ చేతులు పట్టుకుని, దిగకుండా కబుర్లాడుకుంటున్నారు. బాబాయి లేడు.

ఇంకాసేపటికి బస్టాండు వైపు నుంచి నలిగిన చొక్కాతో నడిచొచ్చాడు.

"కారులో పోయి బస్సులో వచ్చావేంది బాబాయ్?" అన్నాను.

"కారుకి నా బరువు దండగ. బరువు తగ్గితే చార్జింగు ఇంకాస్త దూరం వచ్చుద్ది" అన్నాడు గంభీరంగా.

ఆయన చోట్లో కూర్చుని వచ్చిన పిచ్చమ్మ చెల్లెలు బాబాయికి రెండింతలుంటుంది. ఆ లెక్క మాత్రం బాబాయి వెయ్యలేదు.