ఆపేశాక తిరిగిన డిస్కు

నేను చెప్పేది అబద్ధమైతే, ఇరవై ఆరేళ్లు నేను రాసిన ఏ అంకెనూ నమ్మకండి. అంతకంటే పెద్ద ఒట్టు నా దగ్గర లేదు.

2004 ఏప్రిల్. గుంటూరు బయట, మిరపకాయలు దాచే ఒక కోల్డ్ స్టోరేజీలో గుమాస్తాను. ఏ రైతు బస్తాలు ఏ గదిలో, ఏ వరసలో ఉన్నాయో నా పుస్తకం తీస్తేనే తెలిసేది. యజమాని షావుకారుగారు రోజుకు పదిసార్లు "రత్తమ్మగారూ!" అని కేకేసేవారు. పర్వీన్ వచ్చాక ఆ కేక "అమ్మా పర్వీన్!" అయింది. ముప్పై ఏళ్లు కూడా లేవు ఆ పిల్లకి. కంప్యూటరు ముందు కూర్చుని చిటికెలో చెప్పేసేది.

"ఏం రత్తమ్మగారో, మీ పుస్తకానికి పింఛనిచ్చి పంపేశారంటగా!" అన్నాడు హమాలీల మేస్త్రీ సాంబయ్య, అందరి ముందూ.

"నీకూ వస్తుందిలేరా ఒక మిషను, బస్తాలు మోయడానికి," అన్నాను.

అందరూ నవ్వారు. నాకు కడుపు మండింది. దాచను... మండిందంటే మండింది. ఆపేయమన్నా పుస్తకం రాస్తూనే ఉన్నాను.

ఎవరి సరుకు ఎంతుందో పోటీ వ్యాపారులకు తెలియకూడదని, లెక్కలున్న కంప్యూటరు డ్రైవుకు పర్వీన్ తాళం వేసి ఉంచేది. పాస్‌వర్డు ఆమెకొక్కదానికే తెలుసు. కొత్త ప్రోగ్రాం పెట్టాలంటే ఆ డ్రైవును పాత పద్ధతి నుంచి ఎన్‌టీఎఫ్‌ఎస్ అనే కొత్త పద్ధతిలోకి మార్చాలట.

"ముందు ఒక కాపీ తీసి పెడతానండీ," అంది.

షావుకారుగారు ఒప్పుకోలేదు. "రెండో కాపీ అంటే రెండో నోరమ్మా. వద్దు."

ఆ రాత్రి తొమ్మిదింటికి ఆమె తాళం తీసి మార్పిడి మొదలుపెట్టింది. కాసేపటికే పాపకు జ్వరమని ఇంటి నుంచి ఫోను.

"పెద్దమ్మా, కాస్త కూర్చుంటారా? ఏమీ ముట్టుకోకండి. మధ్యలో ఆగితే లెక్కలన్నీ పోతాయి. తాళం కూడా మళ్లీ పడిపోతుంది."

"ఆగితే నిన్నేమంటారు?"

"ఏమంటారు... రేపట్నుంచి రావద్దంటారు," అని నవ్వి వెళ్లిపోయింది.

11.40కి కరెంటు పోయింది. టైము రాసుకున్నాను, అలవాటు కొద్దీ. గదులను చల్లబరిచే మిషన్లు ఒక్కసారిగా ఆగాయి. ఎంత నిశ్శబ్దమో... బల్ల కింద యూపీఎస్ ఒక్కటే. కీ... కీ... కీ... తెర మీద మార్పిడి అంకె నూటికి నలభై ఒకటి దగ్గర ఉంది.

కరెంటు పోయి ఆగిపోయిందంటే ఎవరు కాదంటారు? రేపటి నుంచి లెక్కకు నా పుస్తకం ఒక్కటే దిక్కు.

11.46. వంగి, యూపీఎస్ మీట నొక్కాను.

కీచు ఆగింది. తెర నల్లబడింది.

అప్పుడు వినిపించింది.

కర్ర్... కర్ర్... టక్.

ఎలుకా? ఎలుక ఇంత లెక్కగా కొరకదు. టార్చి వేశాను. యూపీఎస్ మీద దీపం లేదు. కంప్యూటరు మీదా లేదు. కంప్యూటరు ప్లగ్గు పీకేశాను. ప్లగ్గు నా చేతిలో ఉంది...

కర్ర్... కర్ర్... టక్.

కంప్యూటరు పెట్టె మీద చెయ్యి ఆనించాను. వెచ్చగా ఉంది. లోపల ఏదో వణుకుతోంది. ముందున్నట్టే ఉండాలని ప్లగ్గు మళ్లీ గుచ్చి, మీట మళ్లీ నొక్కాను; యూపీఎస్ దీపం మాత్రం వెలగలేదు. కుర్చీలో కాళ్లు పైకి ముడుచుకుని కూర్చున్నాను. చప్పుడు ఆగలేదు. నేను లెక్కపెడుతూనే ఉన్నాను. ఆరు వందల దాకా లెక్కపెట్టాను... ఆ తర్వాత అంకెలు గుర్తు రాలేదు.

12.21కి కరెంటు వచ్చింది. తెర వెలిగింది. మార్పిడి పూర్తయిందని ఒక వరస. ఆ మాత్రం ఇంగ్లీషు నాకొచ్చు.

పొద్దున్నే పర్వీన్ వచ్చి చూసింది.

"తాళం తీసే ఉంది పెద్దమ్మా. రాత్రి తొమ్మిదింటి నుంచి ఒక్క నిమిషం కూడా ఆగలేదు, ఇదిగో కంప్యూటరులో టైములు చూడండి. మీరుండబట్టి సరిపోయింది!" అని నా రెండు చేతులూ పట్టుకుంది.

నమ్మలేక, మూడు రోజులు కూర్చుని ఆ లెక్కలన్నీ నా పుస్తకంతో సరిచూశాను. నాలుగు చోట్ల తేడా వచ్చింది. తప్పులు నాలుగూ నా పుస్తకంలోవే.

యూపీఎస్ బ్యాటరీలో ఏమైనా మిగిలిందా? మరి ప్లగ్గు నా చేతిలో ఉందిగా... తెలిసినవాళ్లను అడుగుదామని ఎన్నోసార్లు అనుకున్నాను. అడగాలంటే 11.46కి నేనేం చేశానో ముందు చెప్పాలి.

పర్వీన్ ఇప్పటికీ రంజానుకు సేమ్యా పంపుతుంది. గిన్నె తిరిగి ఇచ్చేటప్పుడు ఈసారి చెప్పేద్దాం అనుకుంటాను. ఖాళీ గిన్నె ఇవ్వకూడదని పిడికెడు పంచదార పోసి ఇచ్చి, వచ్చేస్తాను.