దిండు పక్కకెల్లి పోయే రైలు

నా చిన్నప్పుడు నాలుగో తరగతికే నా బడి బందు పెట్టి, ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డికి మా మేనమామ ఇంటికి తోలిండ్రు. మామ బిడ్డకు తోడుండాలెనని. ఆ పిల్లది నా ఈడే. జ్వరమొచ్చి కాళ్లు పడిపోయినయి. పట్నం దవాఖాన్ల చూపిస్తే ఇంటికి తీస్కపొమ్మన్నరు. ఆ మాటకు అర్థం పెద్దోళ్లకు తెలుసు, మాకు తెల్వదు.

మామ రేడియోలు బాగుచేసేటోడు. ఆయన దోస్తు బొంబాయి నుంచి ఒక పాడైన కరెంటు ఆట రైలు తెచ్చిస్తే దాన్ని బాగుచేసి, మంచమెత్తున బల్లలేసి పట్టాలు పరిచిండు. పట్టాలు ఒకచోట రెండుగ చీలుతయి. ఒకటి గోడ పొంటి పోతది, ఇంకోటి పిల్ల దిండు పక్కకెల్లి పోయి మళ్ల కలుస్తది. ఆ చీలే కాడ పట్టాను జరిపేటందుకు రాగితీగ చుట్టలు రెండు బిగించి, వైర్లు గుంజి, పిల్ల చేతికందేటట్టు రెండు బటన్లు పెట్టిండు. రైలు డబ్బాల మర్మరాలు పోసి నడిపేటోళ్లం. "రైలుకు నామీదనే పాయిరం, నీ మొకం గూడ చూడదే" అని పిల్ల నన్ను ఎక్కిరించేది.

బటన్ ఒత్తి వెంటనే వేలు తియ్యాలెనని మామ మా ఇద్దరికి నేర్పిండు. పట్టా జరగనీకి రవ్వంత కరెంటు చాలు. ఒత్తి పట్టుకుంటే తీగ కాలిపోతది. అవసరానికి మించి ఏదీ ఖర్చు పెట్టొద్దనే ఆ లెక్క నాకు అప్పుడే మనసుకు పట్టింది.

వానకాలంల జ్వరం తిరగబెట్టింది. పిల్లకు బటన్ ఒత్తే సత్తువ గూడ పోయింది. ఒకనాడు నేను నీళ్లకు పోయినప్పుడు, రైలు గోడ పొంటే తిరుగుతుంటే పిల్ల కండ్లు దానెంబడే తిరుగుతున్నయట. బీడీలు చేసే మా అత్తకు పాణం ఆగలేదు. రైలు దిండు పక్కకు రావాలెనని, తడిపిన ఆకు కట్టల మీద బరువుకు పెట్టే రాయి తెచ్చి ఆ దిక్కు బటన్ మీద పెట్టింది. ఒక్కసారి ఒత్తితే పట్టా అట్లనే ఉంటదని ఆమెకు తెల్వదు. నేను వచ్చేసరికి ఇంట్ల పొగ. తీగ చుట్ట నల్లగైంది.

మామ ఇంటికొచ్చి చూసిండు. "నన్ను కొట్టుండ్రి" అని ఏడ్చింది అత్త. "ఎందుకు పెట్టినవో నాకెర్కనే" అన్నడు, అంతే. దుకాణంల ఉన్న సొంత రేడియో విప్పి, దాని తీగతోని మళ్ల చుట్టబట్టిండు. పిల్ల ఒకసారి "అయిందా బాపూ" అని అడిగింది. తర్వాత అడగలేదు.

చుట్ట బిగించి నన్ను ఒత్తమన్నడు. ఒత్తి తీసిన. పట్టా టక్కున జరిగింది. రైలు దిండు పక్కకొచ్చింది. పిల్ల కండ్లు తెరిచే ఉన్నయి గని, రైలును చూస్తలేవు. మామ రైలు ఆపి, ముక్కు కాడ చెయ్యి పెట్టి చూసి, చెయ్యి తీసుకున్నడు.

"ఇంకొక్కసారి తిప్పుండ్రి, చూస్తది" అన్నది అత్త.

మామ తిప్పిండు. ఆమె చాలన్నదాక తిప్పిండు.

నేను గట్టిదాన్ననే అంటరు. బియ్యం కాడ, కరెంటు కాడ, ఆఖరికి కన్నీళ్ల కాడ గూడ పిసినారినే. అయినా పాణం పోయిన ఇంట్ల ఎవరన్న ఇంకొక్కసారి నోట్ల నీళ్లు పొయ్యుండ్రి, ఇంకొక్కసారి పిలువుండ్రి అంటే, నేను వద్దనను. పోస్త, పిలుస్త. ఇన్నేండ్లల అట్ల పిలిస్తే పలికినోళ్లు ఒక్కరు లేరు.